ఉద్దానంలో ఇంటి ఖర్చుల సర్వే: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రశ్నలు అడగడానికి వచ్చేవారు కొత్త కాదు. కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతూ ఏళ్ల తరబడి వైద్య బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, తాగే నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. నేను ఒక పరిశోధన సంస్థ తరఫున కుటుంబ ఖర్చుల సర్వేకు వెళ్లినప్పుడు, కవిటి మండలంలో ఒక పెద్దాయన నా చేతిలోని ట్యాబ్ వంక చూసి, "సూది కూడా తెచ్చారా అమ్మా?" అని అడిగారు. లేదని, ఖర్చులు మాత్రమే అడుగుతామని చెప్పాక కూర్చోమన్నారు. అడిగించుకుని అడిగించుకుని అలసిపోయిన ఊళ్లివి. ఆ సంగతి తెలియకుండా అక్కడ అడుగుపెట్టకూడదని నా అభిప్రాయం.

పంచాయతీలో తెలియజేసిన తరువాత మా మొదటి పని జాబితా. వీధివీధీ తిరిగి ప్రతి ఇంటికీ వరుస నంబరు వేస్తాం. అందులోంచి ఏ ఇళ్లకు వెళ్లాలో నిర్ణయించేది మేము కాదు, ట్యాబ్. అరుగు మీద కూర్చుని రమ్మని పిలిచే ఇల్లు అందులో ఉండకపోవచ్చు. ఊరి చివర తాళం వేసిన ఇల్లు ఉండవచ్చు. తాళం ఉంటే వేరే వేళకు మళ్లీ వెళ్లాలి తప్ప పక్కింటితో సరిపెట్టుకోకూడదు. శిక్షణలో ఇది వట్టి నిబంధనగానే వినిపించింది. పలాస చుట్టుపక్కలకు వెళ్లాకే దాని విలువ తెలిసింది. అక్కడ పగలు తాళం వేసి ఉండేవి ఎక్కువగా జీడిపప్పు పరిశ్రమల్లో కూలికి వెళ్లే ఆడవాళ్ల ఇళ్లు. వాళ్లను వదిలేస్తే, పగటిపూట ఇంటిపట్టున ఉండగలిగినవాళ్ల ఖర్చే ఊరి ఖర్చుగా లెక్కకెక్కుతుంది.

అలాంటి ఒక ఇంటికి పొద్దుగూకాక వెళ్లాను. ఆమె అప్పుడే వచ్చి పొయ్యి వెలిగించింది. జీడిపిక్కల నూనె అంటి వేళ్ల చివరలు నల్లబడి ఉన్నాయి. చిటికెనవేలి పక్కన తోలు ఊడి ఎర్రగా ఉంది. "గత ఏడు రోజుల్లో మంచినూనె ఎంత వాడారు?" అన్నది ఫారంలోని ప్రశ్న. ఆమె లీటర్లలో కొనదు, వారాల లెక్కా పెట్టదు. కూలి చేతికొచ్చిన రోజు ఒక చిన్న ప్యాకెట్, మధ్యలో అయిపోతే పక్కింట్లో చేబదులు. అందుకని, "పోయిన సంత నుంచి ఇప్పటిదాకా చెప్పు పిన్నీ, ఖాళీ కవర్లు ఏమైనా ఉన్నాయా?" అన్నాను. పొయ్యి పక్కన గోడకు గుచ్చిన కవర్లు తీసి చూపించింది. పక్కింటికి తిరిగి ఇవ్వాల్సినది కూడా తనే గుర్తుచేసుకుని చెప్పింది. ఆ ఒక్క గడి నింపడానికి చాలాసేపే పట్టింది కానీ, ఆ అంకె నిజమైనది. మధ్యలో ఆమె భర్త, "దానికేం తెలుసు, నేను చెబుతాను" అంటూ వచ్చారు. బియ్యం, చదువులు మీరు చెప్పండి, వంటింటి సంగతి ఆమెను చెప్పనివ్వండి అని బతిమాలుకున్నాను.

అంత పెద్ద ఫారాన్ని ఒకే విడతలో ముగించాలనుకోవడం అన్యాయం. కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వేలోనూ తిండి ఖర్చులు, ఇతర వాడకం, మన్నికైన వస్తువులు అని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి వేరుగా వెళ్లి అడిగారు. మేమూ రెండు విడతలుగా అడుగుతామంటే పర్యవేక్షకుడు ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా గట్టిగా అడ్డం తిరిగిన ప్రశ్న వస్తువులది. ఇంటి స్థాయిని అంచనా వేయడానికి మార్కెట్ పరిశోధన సంస్థలు 2011 నుంచి ఒక పద్ధతి వాడుతూ వచ్చాయి. ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, 11 వస్తువుల్లో ఇంట్లో ఎన్ని ఉన్నాయన్న లెక్క, ఈ రెండింటితో ఏ1 నుంచి ఈ3 దాకా 12 వర్గాలు. ఆ 11లో కారు, ఏసీ, వ్యవసాయ భూమి కూడా ఉన్నాయి. బియ్యం కార్డు అర్హతకు ప్రభుత్వం చూసేవాటిలోనూ కారు, భూమి, కరెంటు వాడకం ఉన్నాయి. ఇక నిజం ఎలా చెబుతారు? ట్యాబ్ చూస్తే, 2024 దాకా ప్రభుత్వ పథకాల కోసం ఇంటింటికీ తిరిగిన గ్రామ వాలంటీరు గుర్తొస్తాడు, పింఛను గుర్తొస్తుంది. అందుకే ఆ భాగాన్ని చివరికి పెట్టుకున్నాను. ఈ వివరాలు ఏ ప్రభుత్వ కార్యాలయానికీ వెళ్లవని, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయవచ్చని ముందే చెప్పేదాన్ని. కొందరు మానేశారు. అబద్ధపు జవాబుకన్నా ఆ ఖాళీ గడే నాకు మేలనిపించింది.

ఇంత ఓపికగా చేసే పనికి ఫారానికి ఇంత అని లెక్కకట్టి డబ్బులివ్వడం నాకు అస్సలు నచ్చదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని నింపే దొంగ ఫారాలు అక్కడే పుడతాయి. ట్యాబ్‌లో లొకేషన్ నమోదు, ఇంటర్వ్యూ మధ్యలో రికార్డయ్యే గొంతు, తరువాత పర్యవేక్షకుడు ఫోను చేసి సరిచూసుకోవడం, ఇవన్నీ దొంగను పట్టుకోవడానికి. రోజుకూలి లెక్కన ఇస్తే తాళం వేసిన ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లడానికి ఎవరూ విసుక్కోరు.

సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల్లో చిక్కు మరో రకం. అక్కడి మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉంటారు. ఆరు నెలలకు మించి బయట ఉన్నవారిని కుటుంబ సభ్యులుగా రాయకూడదన్నది మా నిబంధన. అలా వదిలేస్తే, ఇంటిని నడిపే మనిషే ఫారంలో లేకుండా పోతాడు. ఇంటావిడ పేరు కింద సంపాదన సున్నా, ఖర్చు మాత్రం బోలెడు. ఆఫీసులో చూసేవారికి అది తప్పుడు ఫారంలా కనిపించి వెనక్కి వచ్చేది. ప్రతి ఫారం కిందా వివరణ రాసి మళ్లీ పంపాను. చివరికి తరువాతి విడతలో, బయట ఉండి డబ్బు పంపేవారు ఎక్కడ ఉంటారు, ఏ నెలల్లో పంపుతారు అనే గడులు చేర్చారు.

బోటు యజమాని ఇచ్చే అడ్వాన్సుకు మాత్రం ఇంకా గడి లేదు. వేటకు బయలుదేరే ముందే ఇంటివాళ్ల చేతికి వచ్చే డబ్బు అది. పాత అప్పులకు, పిల్లల ఫీజులకు అప్పుడే ఖర్చయిపోతుంది, తరువాతి నెలల సంపాదనలోంచి తెగుతూ పోతుంది. దాన్ని ఆదాయం కింద రాయాలా, అప్పు కింద రాయాలా అన్నది తేలాలి. వచ్చే శిక్షణలో ఆ ప్రశ్న పట్టుకునే కూర్చుంటాను.