బెంగళూరులో పొడులు, పచ్చళ్లు అమ్మేవాళ్లకి: రెండో ఆర్డరు ఎలా తేవాలి

బెంగళూరులో ఇంటి దగ్గర పొడులో, పచ్చళ్లో, జంతికలో చేసి అమ్మే తెలుగువాళ్లు మారతహళ్లి నుంచి హొరమావు దాకా చాలామంది ఉన్నారు. సరుకు బాగుంటుంది. మొదట్లో చుట్టాలు, పక్క ఫ్లాటువాళ్లు, ఆఫీసు స్నేహితులు కొంటారు. ఆ తర్వాత ఆగిపోతుంది. ఆగగానే ధర తగ్గించడమో, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి డబ్బు పెట్టడమో చేస్తారు. ఆ రెండూ తర్వాత చూసుకోవచ్చు. ముందు నేర్చుకోవాల్సింది ఒక కొట్లోకి వెళ్లి, సరుకు పెట్టించి, వారం తర్వాత అదే కొట్టు నుంచి మళ్లీ ఆర్డరు తెచ్చుకోవడం. మొదటి ఆర్డరు మొహమాటానికైనా వస్తుంది. రెండోది ప్యాకెట్ కదిలితేనే వస్తుంది. అందుకే నా దృష్టిలో రెండో ఆర్డరు వచ్చేదాకా అమ్మకం జరిగినట్టు కాదు. సరుకు మీ ఇంట్లోంచి కొట్టువాడి రాక్‌లోకి మారింది, అంతే.

గడప దాటే ముందు ఒక్క ప్యాకెట్ లెక్క కాగితం మీద పెట్టుకోవాలి. 200 గ్రాముల కందిపొడి, ఎంఆర్‌పీ 100 రూపాయలు అనుకుందాం. కొట్టువాడికి ఎంఆర్‌పీ మీద 20 శాతం మార్జిన్ ఇస్తే మీ చేతికొచ్చేది 80. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి 5 శాతం పన్నయితే, ఆ 80లో 3 రూపాయల 81 పైసలు ప్రభుత్వానిది. మిగిలేది 76 చిల్లర. పప్పు, మిరపకాయలు, నూనె, గ్యాసు, కూలి, పౌచ్, లేబుల్, బండి పెట్రోలు అన్నీ కలిపి 55 అయిందనుకుంటే 21 మిగిలింది. వెనక్కొచ్చే సరుకు కింద ఇంకో 2 తీసేయండి. ప్యాకెట్‌కి 19 రూపాయలు.

ఇప్పుడు ఎవరో అడిగారని 5 రూపాయలు తగ్గించారు. 19 కాస్తా దాదాపు 14 అయింది. వంద ప్యాకెట్ల మీద వచ్చే 1,900 రావాలంటే ఇప్పుడు 136 ప్యాకెట్లు అమ్మాలి. 5 రూపాయల తగ్గింపుకి దాదాపు 36 శాతం ఎక్కువ చాకిరీ. ‘పదికి ఒకటి ఫ్రీ’ స్కీము కూడా ఇలాగే లెక్క కట్టాలి. ఆ ఫ్రీ ప్యాకెట్ ఖర్చు 55, అంటే అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద ఐదున్నర. స్కీము ఇవ్వొద్దని కాదు, ఎంత పోతుందో తెలిసి ఇవ్వాలి.

మార్జిన్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. కొట్టువాడు “25 పర్సెంట్ కావాలి” అంటాడు. దేని మీద? కొన్న ధర మీద 25 శాతమైతే 80కి కొని 100కి అమ్ముతాడు, మీ లెక్క చెడదు. ఎంఆర్‌పీ మీద 25 శాతమైతే 75కే ఇవ్వాలి. ఈ 5 రూపాయల తేడా మొదటి రోజే తేల్చుకోకపోతే మొదటి బిల్లు దగ్గరే పేచీ మొదలవుతుంది. శాతాల్లో మాట్లాడకుండా “మీకు 80, అమ్మేది 100, మీకు మిగిలేది 20” అని రూపాయల్లో చెప్పేయండి.

ఏ కొట్టుకి వెళ్లాలన్నది కూడా నేర్చుకోవాల్సిన పనే. నగరమంతా తిరగాలని చూస్తే సగం రోజు సిగ్నళ్ల దగ్గర పోతుంది. మున్నేకొళాల, కుందలహళ్లి, ఏఈసీఎస్ లేఅవుట్ ఒక రోజు. కేఆర్ పురం, రామమూర్తి నగర్ ఇంకో రోజు. ఇలా ఒక్కో రోజుకి ఒక్కో బీట్ పెట్టుకుని, ప్రతి వారం అదే రోజు అదే దారిలో తిరగాలి. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్‌బోర్డ్ కూడలి దాటాల్సి వచ్చే కొట్టు ఎంత పెద్దదైనా మొదట్లో వద్దు. పొద్దున్న పాల హడావిడి, సాయంత్రం ఆరు దాటాక జనం. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ మూడు నుంచి ఐదు దాకా కొట్టువాడికి కాస్త తీరిక. జీతాలు పడ్డాక ఇళ్లల్లో నెల సరుకులు కొంటారు కాబట్టి 25వ తేదీ తర్వాత వెళితే కొత్త సరుకు పెట్టుకోవడానికి ఒప్పుకుంటాడు. అదే 15 తర్వాత వెళితే “ఉన్నదే కదల్లేదు” అంటాడు, అది నిజం కూడా.

కొట్లోకి వెళ్లగానే సంచిలోంచి ప్యాకెట్ తీయకండి. ముందు రాక్ చూడండి. పొడులు ఏ వరసలో ఉన్నాయి, ఏ కంపెనీవి, ఏ సైజు ఎక్కువగా ఖాళీ అయింది, ఏ ప్యాకెట్ మీద దుమ్ముంది. దుమ్ము పట్టిన ప్యాకెట్ కదలనిది. ఖాళీ జాగా కదిలే సరుకుది. ఇది చూశాక అడిగే ప్రశ్నకి విలువ ఉంటుంది: “అన్నా, 100 గ్రాములవి అయిపోయాయి, 500వి అలాగే ఉన్నాయి. ఇక్కడ పీజీ హాస్టల్ పిల్లలు ఎక్కువా?” ఆయన అవునంటే మీరు చూపించాల్సింది చిన్న ప్యాకెట్. నాలుగు రకాలూ బల్ల మీద పరిస్తే ఆయన ఏదీ ఎంచుకోడు. రెండు రకాలు చాలు.

కొట్టువాళ్లంతా తెలుగువాళ్లు కారు. కొందరు కన్నడిగులు, కొందరు రాజస్థానీలు, కొందరు మలయాళీలు. అన్న, భయ్యా, సార్ పిలుపులు ఎదుటివాళ్లని బట్టి మారాలి. కన్నడలో “ఈ వార ఎష్టు హోయ్తు సార్?” (ఈ వారం ఎన్ని పోయాయి సార్?) అని అడగడం, అంకెలు చెప్పడం, డబ్బు అడగడం వచ్చి తీరాలి. ఇక్కడ వ్యాపారం చేస్తూ కన్నడ నేర్చుకోకపోవడం తప్పు అనే అంటాను.

ప్యాకెట్ చేతికివ్వగానే అనుభవమున్న కొట్టువాడు వెనక్కి తిప్పి చూస్తాడు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చో, ఫిర్యాదుకి ఫోన్ నంబరు. ఇందులో ఏది లేకపోయినా తనిఖీకి ఎవరైనా వస్తే ఇబ్బంది ఆయనకి కూడా. తర్వాత ప్యాకెట్‌ని నొక్కి చూస్తాడు, ముఖ్యంగా పచ్చడి పౌచ్‌ని. నింపేటప్పుడు సీల్ వేసే చోట నూనె అంటితే వేడికి ప్లాస్టిక్ సరిగా అతుక్కోదు. ఆ రోజు బాగానే కనిపించి, ఎండలో బండి మీద వెళ్లాక కారుతుంది. మూతి వెడల్పున్న గరాటు పౌచ్ లోపలికంటా దించి నింపాలి, సీల్ చేసే ముందు పైభాగం పొడిగుడ్డతో తుడవాలి, సీల్ అయ్యాక తలకిందులుగా ఒక రాత్రి ఉంచి చూడాలి. ఒక్క పౌచ్ కారి పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్లు పాడైతే ఆ కొట్టు మీకు పోయినట్టే. అది ఏ మాటకారితనంతోనూ తిరిగిరాదు.

ఇక అభ్యంతరాలు. “రేటు ఎక్కువ” అంటే వెంటనే తగ్గించకండి, సమర్థించుకోకండి. “ఏ ప్యాకెట్ చూసి అంటున్నారు సార్?” అని అడగండి. ఆయన రాక్‌లోంచి ఒకటి తీసి చూపిస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి ముందు గ్రాములు పోల్చండి. చాలాసార్లు అది 150 గ్రాములు, మీది 200. గ్రాములు సమానమై నిజంగానే మీది ఎక్కువైతే ఎందుకు ఎక్కువో ఒక్క కారణం చెప్పండి, ఐదు కాదు. “చూద్దాం, తర్వాత రండి” అన్న మాటకి మూడు అర్థాలుంటాయి: యజమాని ఇంకొకరు, గల్లాలో డబ్బు లేదు, లేదా కదులుతుందో లేదో అని భయం. “అన్నా, అసలే వద్దా, ఇప్పుడు వద్దా?” అని మర్యాదగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. యజమాని వేరైతే ఆయన వచ్చే వేళ కనుక్కోవాలి. డబ్బు సమస్యైతే 12కి బదులు 6 ప్యాకెట్లే ఇవ్వాలి. భయమైతే “నెలలో కదలనివి నేనే తీసుకెళ్తాను” అని బిల్లు మీద రాసివ్వాలి. ఎదుటివాడు ఆలోచిస్తుంటే మాట్లాడకుండా ఉండటం చాలామందికి చేతకాదు. అడిగింది అడిగాక ఆగాలి. ఆ నిశ్శబ్దం భరించలేకే మనవాళ్లు రేటు తగ్గించేస్తారు.

రెండోసారి వెళ్లడం దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. ఏడో రోజు వెళ్లండి, “ఆర్డరు ఉందా?” అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి లేదనే జవాబు వస్తుంది. “స్టాక్ చూస్తాను సార్” అని మీరే రాక్ దగ్గరికెళ్లి లెక్కపెట్టండి. 12 ఇచ్చారు, 5 ఉన్నాయి, వారంలో 7 పోయాయి. వారంన్నరకి సరిపడా ఉండాలనుకుంటే 11 కావాలి, రాక్‌లో 5 ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఇవ్వాల్సింది 6. “7 పోయాయి సార్, 6 పెడుతున్నాను” అంటే ఆయన కాదనడానికి కారణం ఉండదు. 12లో 11 అలాగే ఉంటే కొత్తవి అంటగట్టకండి. ఎక్కడ పెట్టారో చూడండి. కింది అరలో సబ్బుల వెనక ఉంటే కంటి ఎత్తుకి మార్చమని అడగండి. పాత తేదీవి ముందుకి లాగి, కొత్తవి వెనక సర్దండి. చోటు మారినా రెండు వారాల్లో కదలకపోతే సరుకు వెనక్కి తీసుకోండి, ఆ పేటలో ఆ రకానికి కొనేవాళ్లు లేరు.

ఇదంతా ఒక నోటుబుక్కులో ఉండాలి. కొట్టు పేరు, తేదీ, ఇచ్చినవి, మిగిలినవి, పోయినవి, రావాల్సిన డబ్బు, మళ్లీ వెళ్లే రోజు. యాప్ అక్కర్లేదు.

అప్పు విషయంలో మొదటి రోజు చెప్పిందే నిలబడుతుంది. చిన్న కొట్లకి ‘పాత బిల్లు కడితే కొత్త సరుకు’ పద్ధతి సరిపోతుంది. పెద్ద సూపర్‌మార్కెట్లు నెలల గడువు అడుగుతాయి. అక్కడ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) పనికొస్తుంది, దానికి ఫీజు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆ గడువు దాటితే కొన్నవాళ్లు ఆ ఖర్చుని, డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోగలరు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి, మార్చి నెలలో వాళ్ల అకౌంట్స్ వాళ్లే మీకు ఫోన్ చేస్తారు. వసూళ్లకి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకోండి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లని బట్టి చిన్న వ్యాపారులకి నోటీసులు పంపింది. చెల్లి పంపిన డబ్బూ, పచ్చడి డబ్బూ ఒకే ఖాతాలో కలిసి ఉంటే తర్వాత ఏది అమ్మకమో విడదీసి చూపించడం కష్టం.

పీజీల్లో అమ్మకం వేరే తీరు. తెలుగు పీజీలో డబ్బిచ్చేది యజమాని, వద్దనగలిగేది వంటమాస్టర్. ముందు వంటమాస్టర్‌ని కలవండి. 80 మంది ఉన్నచోట మనిషికి పూటకి 10 గ్రాముల ఆవకాయ వేసుకున్నా 800 గ్రాములు. 5 కిలోల డబ్బా ఆరు పూటలకి వస్తుంది. యజమానికి కిలో ధర చెప్పకండి, తలకి పూటకి ఎంత పడుతుందో చెప్పండి. ఆయన బాడుగ, కూరగాయలు అన్నీ అలాగే లెక్కేసుకుంటాడు.

అపార్ట్‌మెంట్ స్టాల్‌కి చిన్న ఇడ్లీ ముక్కలు, నెయ్యి పట్టుకెళ్లండి. ఉత్త పొడి నాలిక మీద వేస్తే కారం తప్ప ఏమీ తెలీదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి కొన్నవాళ్ల నంబరు రాసుకుని ఊరుకోకుండా, అక్కడే సేవ్ చేయించి, ఫ్లాట్ నంబరు మెసేజ్ పెట్టించుకోండి. పది రోజులకి “పొడి ఎంత మిగిలిందండీ?” అని అడిగితే చాలు, బొమ్మలూ శుభోదయాలూ వద్దు.

రోజుకి ఇరవై కొట్లు దాటాక కుర్రాణ్ని పెట్టుకోవాల్సి వస్తుంది. మొదటి రెండు వారాలు మీ వెంట తిప్పుకోండి, రాక్ లెక్క వాడి చేతే పెట్టించండి. వాడు రాసుకొచ్చిన ఆర్డరు మీద కమీషన్ ఇస్తే ప్రతి కొట్లోనూ డజన్ల కొద్దీ సరుకు దించేసి వస్తాడు, మూడు నెలలకి అదంతా మీ ఇంటికే తిరిగొస్తుంది. వసూలైన డబ్బు మీద, వెనక్కొచ్చిన సరుకు తీసేసి ఇవ్వండి.