వివరాలు తగ్గించమనకండి, వరస మార్చమనండి

ప్రతి చిన్న విషయాన్నీ పట్టి చూసే మేనేజర్‌కి "పైవాళ్ళ మీటింగులో క్లుప్తంగా చెప్పండి" అని ఊరుకుంటే స్లైడ్లలో అక్షరాలు చిన్నవవుతాయి, మాట వేగం పెరుగుతుంది, అంతే. ఆయనకు క్లుప్తంగా చెప్పడం రాక కాదు. ఏది వదిలేస్తే ఏ ప్రశ్న మీద పడుతుందోనన్న భయం. పైగా ఇన్నాళ్ళూ తప్పులు దొరికింది ఆ వివరాల్లోనే. అందుకే వాటిని లాక్కోకూడదు, వాటికి వేరే చోటు చూపించాలి.

మొదటిసారి ఆయనతో కూర్చోవడానికి గంట చాలు. పోయిన మీటింగు రిపోర్టు ప్రింటు తీసి ముందు పెట్టండి. ఒక్కో వాక్యం దగ్గరా ఒకటే ప్రశ్న: "ఇది తీసేస్తే వాళ్ళ నిర్ణయం మారుతుందా?" మారేట్టయితే కింద గీత. ఆ గీత ఆయనే గీయాలి, మీరు గీస్తే అది మీ రిపోర్టయిపోతుంది. గీత పడనివి చెత్తబుట్టలోకి కాదు, వెనక పేజీల్లోకి వెళ్తాయి. ఈ సంగతి ముందే చెబితేనే ఆయనకు చెయ్యాడుతుంది.

ఇలాంటివాళ్ళు జరిగింది జరిగినట్టు మొదటినుంచీ చెప్పుకొస్తారు. అసలు సంగతి వచ్చేసరికి టైమైపోతుంది. వరస తిరగేయించండి: ఎక్కడుండాలి, ఎక్కడున్నాం, తేడా ఎందుకు, ఏం కావాలి, ఎప్పటిలోగా. ఉదాహరణకి, "బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ జూన్ 1కి రావాలి, 15కి వస్తుంది. పాత డేటా మార్చడంలో తప్పులొచ్చాయి. ఇద్దరు టెస్టర్లను రెండు వారాలిస్తే 15వ తేదీ నిలబడుతుంది. శుక్రవారంలోగా మీరు తేల్చాలి." ఏ ఫీల్డు చెడిందో, ఎన్నిసార్లు మళ్ళీ నడిపారో వెనక పేజీలో ఉంటుంది. అంకె చెబితే పక్కన పోలిక ఉండాలి. "92 శాతం" అంటే ఏమీ అర్థం కాదు. "95 ఉండాలి, 92 ఉంది, పోయిన నెల 89" అంటే అర్థమవుతుంది.

మరీ కోసేసినా ప్రమాదమే. రామాయణం తెలిసినవాళ్ళకే "కట్టె, కొట్టె, తెచ్చె" సరిపోతుంది, మీటింగులో ఉన్నవాళ్ళకు మీ కథ తెలీదు. ముఖ్యంగా రిస్కు ఎగిరిపోయి అంతా సవ్యంగా ఉన్నట్టు ఆకుపచ్చగా కనబడటం మొదలవుతుంది. "ముందే ఎందుకు చెప్పలేదు అని రేపు దేని గురించి అడుగుతారు?" అని అడగండి. వచ్చే జవాబు తప్పకుండా ముందు పేజీలో ఉండాలి.

తర్వాత రిహార్సల్: ఫోన్లో 2 నిమిషాల టైమర్ పెట్టి, టీమ్‌కి సంబంధంలేని మనిషి ఎదుట, పైకి చదివి. ఆయన ఏం అడుగుతున్నారో ఆ మనిషి తిరిగి చెప్పలేకపోతే మళ్ళీ రాయాల్సిందే. ఆపైన ఓ ఐదు ప్రశ్నలు వేయండి. జవాబు "అవును", "కాదు", "సాయంత్రంలోగా కనుక్కుని చెప్తాను" వీటిలో ఒకదానితో మొదలవ్వాలి, ఒక్క కారణం చెప్పి ఆగాలి. ఆగడమే అన్నిటికంటే కష్టం, నిశ్శబ్దం రాగానే వివరాలు దూరేస్తాయి.

అసలు మీటింగులో ఆయన తడబడినా మీరు అందుకోకండి. అదే రోజు విడిగా ఒక్క సంగతే మాట్లాడండి: ఏ ప్రశ్నకి వెనక పేజీ తెరవాల్సి వచ్చింది? ప్రతిసారీ తెరుస్తున్న పేజీలోంచి ఒక వాక్యం ముందుకు రావాలి. నాలుగైదు మీటింగులయ్యేసరికి, ఒక్కసారీ తెరవని పేజీలు ఎన్నున్నాయో ఆయనకే కనబడుతుంది.