పొడవు ఒక్కటే చూస్తే చాలదు

ఈ మధ్య తీరిక దొరికితే చాలు, మైక్రోస్కోప్ ముందు కూర్చుంటున్నాను. మంచినీటి డయాటమ్‌లలో (గాజు లాంటి పెంకు ఉండే ఏకకణ శైవలాలు) ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉండే జాతులను విడదీసి గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాను.

ఎవరి కళ్లయినా మొదట పొడవు మీదే పడతాయి. కానీ డయాటమ్ కణం మూతా అడుగూ ఉన్న గాజు పెట్టె లాంటిది. విభజన జరిగినప్పుడు కొత్త సగం ఎప్పుడూ పాత సగం లోపలే తయారవుతుంది. దాంతో చాలా జాతుల్లో తరాలు గడిచేకొద్దీ సగటు సైజు తగ్గుతూ పోతుంది, ఆకారం కూడా కొంత మారుతుంది. మళ్లీ లైంగిక పునరుత్పత్తి జరిగితేనే పూర్తి సైజు వస్తుంది. అంటే ఒకే జాతిలో పొడవువీ పొట్టివీ పక్కపక్కనే కనిపిస్తాయి!

పెంకు మీద 10 మైక్రోమీటర్లలో ఎన్ని సన్నని గీతలున్నాయన్న లెక్క మాత్రం అంతగా మారదు. అందుకే ముందు గీతలు లెక్కపెడతాను. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చేసిన స్లైడ్‌లో, ఆయిల్ లెన్స్ కింద అవి తేటగా కనబడితే ఎంత సంతోషమో. అకనాంథిడియం మినుటిస్సిమం అనే జాతి అయితే టెన్షనే, గీతలు అంత సన్నం. పైగా రాఫే అనే చీలిక రెండు సగాల్లో ఒకదానికే ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి.

నాకు బాగా నచ్చింది సెల్లఫోరా పుపులా అనే డయాటమ్ సంగతి. చాలాకాలం ఒకే జాతిగా లెక్కేశారు. డయాటమ్ శాస్త్రవేత్త డేవిడ్ మాన్, ఆయన సహచరులు కొలతలతో పాటు ఏవి వేటితో జతకడుతున్నాయో కూడా పరిశీలించి, 2004లో అందులోంచి ఐదు కొత్త జాతులను వర్ణించారు. వాటిలో ఒకదానికి ఎడిన్‌బరోలోని బ్లాక్‌ఫర్డ్ చెరువు పేరే పెట్టారు.