మట్టి ఆరబెట్టి నేను పడ్డ పాట్లు

ఉష్ణమండల ఆమ్ల నేలల్లో ఎంజైముల మీద థీసిస్ మొదలుపెట్టినప్పుడు పని తేలికే అనుకున్నాను. పీహెచ్ తగ్గేకొద్దీ, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ, ఎంజైములన్నీ మందగిస్తాయి, ఒక గ్రాఫ్ గీస్తే సరిపోతుందని నా లెక్క.

మొదటి దెబ్బ డీహైడ్రోజినేజ్ దగ్గరే తగిలింది. మట్టిలో సూక్ష్మజీవులు ఎంత చురుగ్గా ఉన్నాయో చెప్పే ఎంజైము ఇది. అలవాటు కొద్దీ మట్టిని నీడన ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి డబ్బాల్లో పోసి పెట్టాను. ఈ ఎంజైము పనిచేస్తే ఎర్రబడే టీటీసీ అనే రసాయనం కలిపి 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే ఎరుపు తేలాలి. నా గొట్టాల్లో లేత గులాబీ కూడా లేదు. "ఆరబెట్టావా?" అని మా గైడ్ ఒక్క ముక్క అడిగారు. ఈ ఎంజైము పనిచేసేది బతికున్న కణాల్లోనే. ఎండిన మట్టిలో ఇక పనిచేసేదెవరు! మళ్లీ నమూనాలు తెచ్చి, తడి పోకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మొదటికొచ్చాను.

సేంద్రియ పదార్థం నుంచి భాస్వరాన్ని విడదీసే ఫాస్ఫటేజ్ కాస్త నయం. కణం చచ్చినా బంకమన్నుకీ హ్యూమస్‌కీ అంటుకుని కొంత పని చేస్తూనే ఉంటుంది. గ్రాము మట్టి, పీహెచ్‌ని నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం, ఎంజైము విరగ్గొట్టాల్సిన పారానైట్రోఫినైల్ ఫాస్ఫేట్ (అదే సబ్‌స్ట్రేట్), గంటసేపు వేడి. ఆపై కాల్షియం క్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్ పోసి వడకడితే పసుపు రంగు. ఒకరోజు హడావిడిలో కాల్షియం క్లోరైడ్ మర్చిపోయాను. క్షారం తగలగానే హ్యూమస్ కరిగి, వడపోత కాగితం కింద ముదురు గోధుమ రంగు నీళ్లు దిగాయి. రీడింగ్ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది! మిషన్‌కి ఏ రంగు దేనిదో తెలియదు కదా. ఆ రోజు నుంచి ప్రతి మట్టికీ దాని సొంత రంగెంతో తేల్చే కంట్రోల్ విడిగా పెట్టాను, అందులో సబ్‌స్ట్రేట్‌ని చివర్న కలిపేదాన్ని.

అసలు టెన్షన్ ఫలితాలతో వచ్చింది. పీహెచ్ 4.6 ఉన్న అడవి మట్టిలో ఆమ్ల ఫాస్ఫటేజ్, 5.8 ఉన్న సాగు మట్టి కంటే చాలా ఎక్కువ. తప్పు చేశానేమోనని మూడుసార్లు చేశాను. మార్పు లేదు. సేంద్రియ కర్బనం అంకెలు పక్కన పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది: అడవి మట్టిలో ఆకుల కుళ్లు ఎక్కువ, సూక్ష్మజీవులు ఎక్కువ. పైగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని పట్టేసుకుంటాయి కాబట్టి, వేర్లు, సూక్ష్మజీవులు ఈ ఎంజైమును ఇంకా ఎక్కువ వదులుతాయి. క్షార ఫాస్ఫటేజ్ మాత్రం రెండు మట్టుల్లోనూ అంతంతమాత్రమే.

ఒక చిక్కు చివరిదాకా వదల్లేదు. 4.6 దగ్గర ఉన్న మట్టిని నేను కొలిచింది 6.5 బఫర్‌లో. అంటే ఆ అంకె ఎంజైము ఎంత చేయగలదో చెబుతుంది, పొలంలో ఎంత చేస్తోందో కాదు. ఆ మాట మెథడ్స్‌లో ఒక వాక్యంగా రాశాను. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడింది.