నొప్పి మందు సాక్సులో దొరికింది

పోయిన నెల అమ్మతో అలిపిరి నుంచి కొండెక్కాను. 3,550 మెట్లు. లగేజీ కిందే ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే పైకి చేరుస్తారు గానీ, నా బ్యాగు నా వీపు మీదే ఉండాలి నాకు.

గాలి గోపురం దగ్గర అమ్మకి కాలు పట్టేసింది. నొప్పి మందు కోసం చెయ్యి పెడితే దువ్వెన, ఛార్జర్ వైరు, తడి తువ్వాలు, చిల్లర వచ్చాయి. ట్యూబు నా సాక్సులో దొరికింది! అమ్మ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత గాంధీ రోడ్డులో ఏడు జిప్పు పౌచులు కొన్నాను. అదీ తప్పే, ఈసారి పౌచుల్నే వెతకాల్సొచ్చింది. ఇప్పుడు మూడే. ఎర్రదాంట్లో మందులు, అది అన్నిటికంటే పైన. వలగుడ్డదాంట్లో ఆధార్, టికెట్లు, చిల్లర, తెరవకుండానే కనిపిస్తాయి. నల్లదాంట్లో పవర్ బ్యాంకు, వైర్లు. బరువు కాబట్టి వీపుకి ఆనేలా పెడతాను. గుళ్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరుగా, దాన్నీ అందులోనే వేసి కౌంటర్లో ఇచ్చేయడమే.

చీకట్లో తెలియాలని ఎర్రదాని జిప్పుకి అమ్మ పాత చీర అంచు ముక్క కట్టింది.