పిట్స్‌బర్గ్‌లో పిల్లల్ని పెంచడం: మిల్లులు పోయిన ఊళ్లో మంచీ చెడూ

ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని అడుగుతున్నారు, మీరు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఉండి వచ్చారు కదా, పిల్లలతో వెళ్తే బాగుంటుందా అని. మా పిన్ని కూతురు అయితే మరీను. వాళ్లాయనకు అక్కడ ఉద్యోగం వచ్చింది, దీనికేమో ఒకటే టెన్షన్. "అక్కా, అది మిల్లులన్నీ మూతపడ్డ ఊరంట కదా, డాలస్ అయితే వీధికి నలుగురు మనవాళ్లు ఉంటారు" అంటుంది. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను, ఇంకెవరికైనా కూడా పనికొస్తుంది.

మూతపడ్డ మాట నిజమే. 1950లో దాదాపు 6,77,000 మంది ఉన్న ఊరు, 2020 లెక్కల్లో 3,03,000. 80ల్లో ఉక్కు మిల్లులు వరసగా ఆగిపోయాయి, పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్‌లోని పెద్ద మిల్లు 1986లో. ఆ తర్వాత ఊరిని నిలబెట్టినవి ఆసుపత్రులు, యూనివర్సిటీలు, కంప్యూటర్లు, రోబోలు. ఉక్కు కంపెనీ కట్టుకున్న 64 అంతస్తుల భవనం మీద ఇప్పుడు ఆసుపత్రి వాళ్ల పేరు ఉంటుంది. అందుకే మనవాళ్లకు ఉద్యోగాలు.

ముందు చెడ్డ విషయాలు చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఇవి ఇల్లు కొన్నాకే తెలుస్తాయి. అన్నిటికంటే పెద్దది గాలి. మిల్లులు అన్నీ పోలేదు. మొనంగహేలా నది వెంట బ్రాడక్‌లో ఉక్కు మిల్లు, క్లెయిర్టన్‌లో కోక్ ప్లాంటు (బొగ్గుని కాల్చి ఉక్కు మిల్లులకి ఇంధనం తయారుచేసేది) ఇప్పటికీ నడుస్తున్నాయి. కొండల మధ్య లోయ కదా, చలికాలం పొద్దున్నే గాలి కదలదు, గిన్నె మీద మూత పెట్టినట్టు పొగంతా కిందే ఉండిపోతుంది, కొన్ని రోజులు కుళ్లిన గుడ్డు వాసన. 1948లో డొనోరా అనే చిన్న ఊళ్లో ఇలాగే పొగ కమ్ముకుని 20 మంది చనిపోయారు. ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు కానీ పిల్లలకు ఆయాసం, ఆస్తమా ఉంటే లోయ దగ్గర ఇల్లు వద్దు, అద్దె తక్కువని అసలే వద్దు. 2025 ఆగస్టులో క్లెయిర్టన్ ప్లాంటులో పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు, అంటే ఇదంతా గడిచిపోయిన చరిత్ర అనుకోవడానికి లేదు.

రెండోది సీసం. ఇళ్లు చాలావరకు పాతవి. 1978కి ముందు కట్టిన ఇంట్లో కిటికీ చట్రాల రంగులో సీసం ఉండొచ్చు, కొన్ని వీధుల్లో నీళ్ల పైపులు కూడా సీసానివే. పాకే వయసు పిల్లలుంటే ముందు పరీక్ష చేయించండి. పిట్స్‌బర్గ్ ఉన్న కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిది, 2018 నుంచి చిన్నపిల్లలకు రక్తంలో సీసం పరీక్ష తప్పనిసరి చేశారు, దాన్ని వాయిదా వేయకండి. ఇక మబ్బు, మంచు, ఇండియాకి రావాలంటే మధ్యలో విమానం మారడం, వీటికి మనిషి అలవాటు పడతాడు.

బళ్ల విషయం మాత్రం కాస్త ఆలోచించాలి. ఆ కౌంటీలో స్కూల్ డిస్ట్రిక్టులే, అంటే ఎక్కడికక్కడ బళ్లు నడిపే విభాగాలే, 43 ఉన్నాయి. నది ఇవతల ఒక బడి, అవతల ఒక బడి, రెండింటికీ పోలికే ఉండదు. మనవాళ్లంతా మంచి డిస్ట్రిక్టు చూసుకుని శివార్లలో ఇల్లు కొంటారు, మేమూ అంతే. కానీ అలా అక్కడే ఉండిపోతే పిల్లలకు ఆ ఊరే తెలియదు. బ్రాడక్ ఒకప్పుడు 20,000 మంది ఉన్న ఊరు, ఇప్పుడు 2,000 కూడా లేరు. అక్కడ రోడ్డు మీద నడిపిస్తే పిల్లలు అడగని ప్రశ్న ఉండదు.

ఆ ప్రశ్నల కోసమే నేను పిట్స్‌బర్గ్‌ని డాలస్ కంటే పైన పెడతాను.

ఉదాహరణకి ఒకప్పుడు ఇక్కడి ఉక్కు మిల్లుల యజమాని కార్నెగీ. అమెరికాలో ఆయన కట్టించిన మొదటి లైబ్రరీ బ్రాడక్‌లోనే, 1889లో. హోమ్‌స్టెడ్ వాళ్లకి కట్టించిన దాంట్లో ఈతకొలను, సంగీతం హాలు కూడా ఉన్నాయి. అదే హోమ్‌స్టెడ్‌లో 1892లో కూలి తగ్గిస్తుంటే కార్మికులు ఎదురు తిరిగారు, కంపెనీ పడవల్లో పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషుల్ని దింపింది, కాల్పులు జరిగి రెండువైపులా మనుషులు చచ్చిపోయారు. రోజుకి 12 గంటలు పనిచేసేవాడు లైబ్రరీకి ఎప్పుడు వెళ్తాడమ్మా, ఈయన మంచివాడా చెడ్డవాడా అని మా అమ్మాయి ఒకటే పట్టు. ఆ రాత్రి అన్నాల దగ్గర మావారు నిజాం కథ మొదలుపెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మాన్‌సాగర్ ఒకవైపు, పల్లెల్లో వెట్టి, రజాకార్లు ఇంకోవైపు, మా తాతల కాలం నుంచీ ఇంట్లో తెగని వాదన ఇది. అమెరికాలో పుట్టిన పిల్లకి హైదరాబాద్ చరిత్ర మీద అంత ఆసక్తి ఏ వీకెండ్ తెలుగు క్లాసులోనూ రాలేదు.

అంతకంటే పెద్ద మేలు మా పక్కింటి పెద్దాయన. మిల్లులో పనిచేసినవాడు, మూతపడ్డాక ఏవేవో పనులు చేశాడు. కొడుకులిద్దరూ పనుల కోసం ఊరు వదిలిపోయారు, ఒకరు హ్యూస్టన్, ఒకరు షార్లెట్. ఆదివారం ఫోన్ వచ్చే టైముకి మనం పిలిచినా బయటికి రాడు. మా అత్తయ్య వచ్చినప్పుడు వెనక పెరట్లో కూర్చోబెట్టి, మీకు ఎంతమంది, ఎక్కడున్నారు అని అడిగాడు, మధ్యలో మా అమ్మాయి అటూ ఇటూ చెబుతోంది. అత్తయ్య వేళ్లు మడిచి ఒకడు ఇక్కడ, ఒకతె సిడ్నీ అంటే ఆయనా వేళ్లు మడిచి తన లెక్క చెప్పాడు. నాన్నమ్మ ఫోన్ చేస్తే హలో అని చెప్పి పారిపోయే పిల్ల, ఆ రోజు తర్వాత తనే ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టింది. పిల్లలు దూరంగా వెళ్లిపోవడం అంటే ఏమిటో ఆ ఊళ్లో ప్రతి వీధికీ తెలుసు. కొత్తగా కట్టిన కాలనీలో, అందరూ మనలాగే ముప్పైల్లో ఉన్నచోట, పిల్లలకు ఇది ఎవరు చెబుతారు?

మనవాళ్లు లేరా అంటే ఉన్నారు. పెన్ హిల్స్ కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి 1976 నాటిది, అమెరికాలో తొలి గుళ్లలో ఒకటి, ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో రోజంతా కారు నడుపుకుని వచ్చేవాళ్లట. సంక్రాంతి, ఉగాది, పులిహోర ప్రసాదం, దేనికీ లోటు లేదు. తెలుగు సినిమా మొదటి ఆటకి డాలస్ అంత సందడి ఉండదు, అంతే.

మా మామయ్య హైదరాబాద్‌లో సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మాతో వచ్చినప్పుడు క్యారీ ఫర్నేస్ చూపించడానికి తీసుకెళ్లాం. ఎప్పుడో ఆగిపోయిన బ్లాస్ట్ ఫర్నేస్ అది, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసే కొలిమి, 92 అడుగుల ఎత్తు, తుప్పు పట్టినా అలాగే ఉంచారు. ఆ ఆవరణలోనే పనికిరాని పైపులు, తీగలతో కట్టిన పెద్ద జింక తల ఉంటుంది, పిల్లలకు అదే లోకం. మామయ్య మాత్రం జింకని చూడలేదు. రెయిలింగ్ పట్టుకుని, ఇనుప ఖనిజం ఎటు నుంచి పైకెళ్తుంది, వేడి గాలి ఎటు నుంచి వస్తుంది, మనుషులు ఎక్కడ నిలబడి ఉంటారు అని వరసగా చెబుతుంటే మావాడు నోరు తెరిచి విన్నాడు. అప్పటిదాకా వాడి దృష్టిలో తాతయ్య అంటే పేపరు చదివే మనిషి. నిజం చెప్పాలంటే ఆల్విన్‌లో ఆయన రోజూ ఏం చేసేవారో మా ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

ఇప్పుడు మేము మోతీనగర్‌లో ఉంటున్నాం, ఆల్విన్‌కి దగ్గరే. 1942లో మొదలైన కంపెనీ, ఫ్రిజ్‌లు, వాచీలు, మన డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు వాళ్లవే. 90ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్లిపోయింది, కాలనీలకి మాత్రం పేరు మిగిలింది. బడిలో మన నగరం ప్రాజెక్టు ఇస్తే అందరూ చార్మినార్, గోల్కొండ, హైటెక్ సిటీ రాశారు, మావాడు ఆల్విన్ రాస్తానని కూర్చున్నాడు. ఇక్కడ చూడటానికి ఫర్నేస్ లేదు, మ్యూజియం లేదు, కాబట్టి మనుషుల్నే అడగాలి. మామయ్య పాత స్నేహితులు ఇద్దరు ఆదివారాలు వస్తున్నారు, బస్సు బాడీకి రివెట్లు ఎలా కొట్టేవాళ్లో, క్యాంటీన్‌లో ఏ రోజు ఏం పెట్టేవాళ్లో వాదులాడుకుంటారు, వీడు ఫోన్‌లో రికార్డు చేస్తాడు. ప్రాజెక్టు ఎప్పుడో ఇచ్చేశాడు, మార్కులు కూడా వచ్చాయి, రికార్డింగ్ మాత్రం ఆపలేదు. వచ్చే వారం వాచీల విభాగంలో పనిచేసినాయన వస్తారని చెప్పాడు.