ర్యాంకు చేతికొచ్చాక ఐఐటీ సీటు అంచనా

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వెలువడిన వారంలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మావాడికి ఐఐటీలో సీటు వస్తుందా?" తిరుపతిలో ఇంటర్ పిల్లలకు చాలాకాలంగా గణితం చెబుతున్నాను కనుక, ఈ ప్రశ్నకు ధైర్యం చెప్పే మాటలకంటే లెక్క చూపించడమే మేలని నమ్ముతాను.

అర్హత వేరు, సీటు వేరు. 2024లో అడ్వాన్స్‌డ్‌కు ముందు మెట్టయిన జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైగా ఉన్నారు. అంతమందిలో 99 పర్సంటైల్ వచ్చిందంటే ఇంకా సుమారు 14 వేలమంది ముందున్నారని అర్థం. అదే ఏడాది అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసిన 1,80,200 మందిలో 48,248 మంది అర్హత పొందగా, ఐఐటీలన్నింటిలో కలిపి ఉన్న సీట్లు 17,740 మాత్రమే. "క్వాలిఫై అయ్యాడు" అని మిఠాయిలు పంచిన ప్రతి మూడు ఇళ్లలో దాదాపు రెండింటికి ఐఐటీ సీటు రాలేదన్నమాట. కేటగిరీ చెప్పకుండా ర్యాంకు అంకె ఒక్కటే పెద్దదిగా వేసే ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే కింది తరగతి పిల్లలు ఆ అంకెలనే కొలమానంగా పెట్టుకుంటారు.

మన ఊరివాళ్లలో బలంగా పాతుకుపోయిన మరో భ్రమ ఉంది. ఏర్పేడులో ఐఐటీ ఉంది కాబట్టి మన పిల్లలకు అందులో కొంత వాటా ఉంటుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఐఐటీలలో రాష్ట్ర కోటా లేదు. అక్కడి సీటుకు తిరుపతి పిల్లవాడూ పాట్నా పిల్లవాడూ ఒకే వరుసలో నిలబడతారు. సగం సీట్లు సొంత రాష్ట్రానికి కేటాయించేది ఎన్ఐటీలలో, కనుక తాడేపల్లిగూడెం ఎన్ఐటీ విషయంలో మాత్రం మనవాళ్లు హోమ్ స్టేట్ వరుసనే చూసుకోవాలి.

ఐఐటీ, ఎన్ఐటీ సీట్లను కేటాయించే జోసా వెబ్‌సైటులో పాత సంవత్సరాల పట్టికలు ఉంటాయి. సంస్థ, బ్రాంచి, కోటా, సీటు రకం, జెండర్, ఓపెనింగ్ ర్యాంకు (ఆ సీటు దక్కినవారిలో మొదటివారిది), క్లోజింగ్ ర్యాంకు (చివరివారిది) అని వరుసగా గడులు కనిపిస్తాయి. తొందరలో అందరూ చివరి గడినే చూస్తారు, కానీ పొరపాట్లన్నీ మధ్య గడుల్లోనే జరుగుతాయి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ వరుసల్లో ఉండేవి ఆయా కేటగిరీ ర్యాంకులు. వాటిని అందరినీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకుతో పోల్చి నిరాశపడిన పిల్లలు ఎందరో. 2024లో ఐఐటీ బొంబాయి కంప్యూటర్ సైన్స్ ఓపెన్ సీట్లు జెండర్ న్యూట్రల్ (అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి పోటీపడే) వరుసలో 68వ ర్యాంకు దగ్గర ముగిస్తే, ఆడపిల్లలకు ప్రత్యేకించిన సీట్లు కొన్ని వందల ర్యాంకు దాకా వెళ్లాయి. ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ రెండో వరుస చూడకుండా ఆశ వదులుకోవడం అన్యాయం. ఒక్క ఏడాది అంకెతో తృప్తి పడకుండా మూడేళ్ల చివరి రౌండు అంకెలను పక్కపక్కన రాసుకుంటే, ఆ బ్రాంచి ఎంత ఊగుతున్నదో తెలుస్తుంది. ఆరువేల దగ్గర మూడు నాలుగు వందల తేడా పెద్ద విషయం కాదు, అరవై దగ్గర అయిదు ర్యాంకుల తేడా కూడా పెద్దదే.

అయితే నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచిన మాట ఇది: కావలసిన సంస్థలనూ బ్రాంచీలనూ విద్యార్థి రాసిచ్చే ఆప్షన్ల వరుసలోకి ఈ అంచనాను రానివ్వకూడదు. 2015 నుంచి ఐఐటీలకూ ఎన్ఐటీలకూ ఉమ్మడిగా జరుగుతున్న ఈ సీట్ల కేటాయింపులో, కంప్యూటరు విద్యార్థి జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, అతని ర్యాంకుకు అందే మొదటి సీటును ఇస్తుంది. అందని సీటును మొదట పెట్టినంత మాత్రాన కింది సీటు దక్కే అవకాశం తగ్గదు. కానీ "ఇది ఎలాగూ వస్తుంది" అని భద్రమైన సీటును పైన పెడితే అదే దక్కుతుంది, దానికింద రాసినవన్నీ ఆ క్షణంతోనే రద్దవుతాయి. ఎంతో ఇష్టపడిన బ్రాంచి తన ర్యాంకుకు అందేదే అయినా, దాన్ని కింద రాసుకున్నందువల్ల పోగొట్టుకున్న పిల్లలను చూశాను; ఆ నష్టాన్ని తర్వాతి రౌండ్లు కూడా పూడ్చలేవు.

కాబట్టి పై వరుస అంతా ఇష్టంతోనే నిండాలి. అంచనా పనికొచ్చేది జాబితా ఎంత కిందికి సాగాలో తేల్చుకోవడానికి. మీ ర్యాంకు మూడేళ్ల క్లోజింగ్ ర్యాంకులన్నింటికీ బాగా లోపల ఉండే ఆప్షన్లు, చేరడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకునేవి, కొన్నైనా చివర ఉండి తీరాలి. చేరే ఉద్దేశం లేని సీటు మాత్రం భద్రత పేరుతో కూడా రాయవద్దు. మొదటి రౌండులో ఏదైనా వచ్చాక, పైన ఇంకా కావలసినవి ఉంటే ఫ్లోట్ ఎంచుకోండి, అదే సంస్థలో బ్రాంచి మారితే చాలనుకుంటే స్లైడ్ ఎంచుకోండి. ఫ్రీజ్ నొక్కితే పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఏ దారి ఎంచుకున్నా, గడువులోపు ఫీజు కట్టి పత్రాలు అప్‌లోడ్ చేయకపోతే వచ్చిన సీటు కూడా పోతుంది, కనుక కేటగిరీ సర్టిఫికెట్లను ఫలితాలు రాకముందే ఎమ్మార్వో ఆఫీసు నుంచి తెచ్చి పెట్టుకోండి.